బండి ట్యాంకులో తుప్పు: ఏది వదిలిస్తుంది, ఏది ముంచుతుంది

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నలభై కిలోమీటర్ల చదునైన హైవే మీద ఏ పేచీ పెట్టని బండి, గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కగానే మొరాయిస్తుంది. పికప్ పడిపోతుంది, మిస్సింగ్ కొడుతుంది, చోక్ లాగితే కాసేపు కుదుటపడి మళ్లీ మొదటికొస్తుంది. ప్లగ్గు మారుస్తారు, కార్బొరేటర్ విప్పి కడుగుతారు, వారం తిరక్కుండానే బండి మళ్లీ షెడ్డుకు వస్తుంది. కార్బొరేటర్ కింది గిన్నె విప్పినప్పుడు అడుగున ఇటుకపొడిలాంటి ఎర్రటి మడ్డి కనిపించిందంటే జబ్బు అక్కడ లేదు, పైన ఉంది. ట్యాంకు లోపల తుప్పు పట్టింది. చదును రోడ్డు మీద అడుగున కదలకుండా పడి ఉన్న పొడి, ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలుతోపాటు వెనక్కి, పెట్రోలు కాక్ వైపు జారుతుంది. అంతే సంగతి.

దీనికి మందేమిటని అడిగితే ఊళ్లో పదిమంది పది రకాలు చెబుతారు. బాత్రూం యాసిడ్ పోయమని ఒకరు, వెనిగర్ అని ఇంకొకరు, కూల్‌డ్రింకు చాలని మరొకరు. నట్లు వేసి ఊపేవాళ్లున్నారు, బ్యాటరీ ఛార్జర్ తగిలించేవాళ్లున్నారు, లోపల కోటింగ్ వేయిస్తే మళ్లీ జన్మలో తుప్పు పట్టదనేవాళ్లూ ఉన్నారు. వీటిలో పూర్తిగా అబద్ధమైనది దాదాపు ఏదీ లేదు. కానీ తుప్పు వదలగొట్టడం ఈ పనిలో తేలిక భాగం. నీళ్లు ఎటునుంచి వచ్చాయో పట్టుకోవడం, కడిగిన తర్వాతి గంటలో ట్యాంకును కాపాడుకోవడం అసలు కష్టం. ఆ రెండూ వదిలేసి ఏ యాసిడ్ మంచిదని వాదించుకోవడం దండగ.

ముందు నీళ్ల సంగతి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక తేమగాలిని లోపలికి పీల్చుకుంటుంది, ఆ తేమ రేకు మీద చెమ్మగా పడుతుంది. అందరూ చెప్పే కారణం ఇదే, ఇది నిజమే కూడా. ఎంత నిజమో లెక్కేసి చూద్దాం. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి పట్టుకోగల నీటి ఆవిరి దాదాపు 30 గ్రాములు. తొమ్మిది లీటర్ల గాలి పూర్తిగా తడిసి ఉన్నా అందులో ఉండేది పావు గ్రాము పైచిలుకు, అంటే ఐదారు చుక్కలు. అదీ మొత్తం కారదు, రోజూ లోపలికీ బయటికీ తిరిగేది ఆ గాలిలో కొంత భాగమే. కాబట్టి ట్యాంకు పైకప్పు లోపలివైపు పలచగా పట్టే తుప్పుకు చెమ్మ కారణం కావచ్చు. అడుగున నిలిచే నీటికి మాత్రం దొంగ వేరే ఉన్నాడు.

ఆ దొంగ మూత దగ్గర ఉంటాడు. చాలా బండ్లలో ట్యాంకు మూత చుట్టూ పల్లం ఉంటుంది. అందులో పడ్డ వాన నీరు కారిపోవడానికి సన్నటి రంధ్రం, దాన్నుంచి ట్యాంకు లోపలగా దిగి కింద బయటపడే సన్నని గొట్టం ఉంటాయి. దుమ్ము, ఆకు ముక్క, పాలిష్ మైనం చేరి ఆ రంధ్రం మూసుకుపోతే పల్లంలో నీళ్లు నిలుస్తాయి. మూత కింది రబ్బరు వాషరు ఎండకు గట్టిపడి బీటలిచ్చి ఉంటే ఆ నీళ్లకు దారి దొరికినట్టే. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు చూసే నంద్యాలలో రబ్బరు ఎన్నాళ్లు మెత్తగా ఉంటుంది? ఎండ వాషరును పాడుచేస్తుంది, వాన ఆ పాడైన చోటును వెతుక్కుంటుంది. మధ్యలో వాటర్ సర్వీసింగ్ ఒకటి. ప్రెజర్ గన్నుతో నేరుగా మూత మీద కొడితే తాళం రంధ్రం గుండా కూడా నీళ్లు దిగుతాయి. ఐదారు చుక్కల చెమ్మతో పోలిస్తే ఒక్క రాత్రి వానకు ఈ దారిన చెంచాల కొద్దీ రాగలవు. 2019 సెప్టెంబరులో కుందూ నది పొంగి, మహానంది కూడా నీట మునిగిన రోజుల్లాంటివి వస్తే చెప్పే పనే లేదు. మునిగిన బండి ట్యాంకును ఖాళీ చేయకుండా కిక్కు కొట్టకూడదు.

ఇక వంద రూపాయల పెట్రోలు. వందకు లీటరు కూడా రాని రోజులివి. ఇప్పటి స్ప్లెండర్ ప్లస్ ట్యాంకు 9.8 లీటర్లు. రోజూ వంద కొట్టించుకుని ఏడాది పొడవునా రిజర్వులో తిరిగే బండిలో తొమ్మిది లీటర్లు గాలే ఉంటుంది, నూనె తడి తగలని రేకు అంతా తుప్పుకు ఎదురుచూస్తుంటుంది. పైగా కార్బొరేటర్ బండ్లలో పెట్రోలు కాక్‌కు లోపల రెండు నోళ్లుంటాయి. మామూలుగా తాగేది ఎత్తులో ఉన్న గొట్టం, రిజర్వులో తాగేది అడుగున ఉన్న నోరు. ఎప్పుడూ రిజర్వులో నడిపేవాడు ఎప్పుడూ మడ్డి తాగిస్తున్నట్టే. జేబు చూసుకుని కొట్టించేవాణ్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. బండిని నెలల తరబడి మూల పెట్టేటప్పుడైనా నిండా కొట్టించి పెడితే మేలు.

ఇథనాల్ మాట ఎత్తకుండా ఇవాళ ఈ చర్చ ముగియదు. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లో మొదలైంది, 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన ఈ20 బంకుల్లోకి వచ్చింది, 2025 నాటికి దాదాపు అంతటా అదే అయింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి కావాలా వద్దా అన్న చర్చ బండి ఉన్నవాడి చేతిలో లేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. దాన్నిబట్టి అది తుప్పు తెస్తుందని తేల్చేయడం సగం నిజమే. కొద్దిపాటి నీటిని తనలో కలుపుకుని ఇంజన్‌లోకి తీసుకెళ్లి ఆవిరి చేసేదీ అదే. శుద్ధ పెట్రోలులో అయితే ఆ చుక్క అడుగునే కూర్చునేది. చిక్కు హద్దు దాటితే వస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని భరిస్తుంది. ఇథనాల్ పెరిగితే, వేడి పెరిగితే ఆ హద్దు ఇంకాస్త పెరుగుతుంది. అది దాటగానే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో జతకట్టి అడుగుకు దిగుతుంది. మామూలు నీటికన్నా చెడ్డదది. దాంతో ఇంజన్ నడవదు, రేకును మాత్రం బాగా తింటుంది. రోజూ తిరిగే బండికి ఇథనాల్ పెద్ద శత్రువు కాదు, మూలన పడి ఉన్న బండికి శత్రువే. నిజానికి పాత బండ్లలో దాని దెబ్బ రేకుకన్నా ముందు రబ్బరు గొట్టాల మీద, వాషర్ల మీద పడుతుంది.

పాతవాళ్లు ఒక మాట అంటుంటారు, రాజ్‌దూత్‌కు, పాత టీవీఎస్ ఎక్స్ఎల్‌కు ట్యాంకు తుప్పు ఎరగమని. అది ఉత్త పాతకాలపు గొప్ప కాదు. ఆ టూ స్ట్రోక్ బండ్లలో ఆయిలు పెట్రోలులోనే కలిపి పోసేవాళ్లు. బండి ఊగినప్పుడల్లా ఆ నూనె లోపలి గోడలకు పొరలా అంటేది. ఆయిలుకు వేరే డబ్బా ఉన్న ఆర్ఎక్స్100కు ఆ అదృష్టం లేదు, ఫోర్ స్ట్రోక్ బండ్లకు అసలే లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

సరే, తుప్పు పట్టింది. ఏం చేయాలి? ముందు చూడాలి. పెట్రోలు పూర్తిగా తీసేసి, కాక్ విప్పి, ట్యాంకును ఎండలో గాలికి వదిలి, మూత నోట్లోంచి ఫోన్ లైటు వేసి చూస్తే మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. వేలికి అంటుకునే పలచని నారింజ రంగు పొడి ఒకటి. పొక్కులు లేచి, స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులూడే ముదురు గోధుమరంగు పెళుసు రెండోది. రేకు సన్నబడి, బయట పెయింటు కింద బుడగ లేచి, పెట్రోలు వాసనతో చెమ్మగిల్లుతున్న చోట్లు మూడోది. మొదటిదానికి యాసిడే అక్కర్లేదు. చాలా ట్యాంకుల లోపల కంపెనీవాళ్లే పలచని లోహపు పూత వేసి ఉంచుతారు. యాసిడ్ పోస్తే తుప్పుతోపాటు మిగిలిన ఆ పూతా పోతుంది. కడిగి, ఫిల్టరు మార్చి, మూత రబ్బరు మార్చి నడుపుకోవచ్చు. మూడోదానికి ఏ యాసిడూ పనికిరాదు, ఎందుకంటే అక్కడ తుప్పే రేకును పట్టి ఉంచుతోంది. అది కరిగిందంటే రంధ్రం బయటపడుతుంది. ఈ వ్యాసంలో చెప్పే మందులన్నీ రెండోదాని కోసమే.

నట్లు, స్క్రూలు, తెగిన చైను ముక్కలు వేసి ఊపడం పెచ్చులు రాలగొట్టడానికి మంచి మొదటి మెట్టు. నీళ్లు, కాస్త సబ్బుపొడి వేసి ఊపాలి. పెట్రోలు పోసి ఇనుప ముక్కలు ఊపడమంటే నిప్పుతో చెలగాటం. వేసేముందు లెక్కపెట్టాలి, తీశాక మళ్లీ లెక్కపెట్టాలి. ట్యాంకు మధ్యలో ఛాసిస్ మీద కూర్చోవడానికి గుర్రపు జీనులా వంపు ఉంటుంది కదా, ఆ వంపుకు రెండువైపులా ఉన్న సందుల్లో ఒక నట్టు ఇరుక్కుందంటే సాయంత్రం దాకా తలకిందులు చేస్తూ కూర్చోవాల్సిందే. ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల పక్కన రాతి చిప్స్ ఎన్నయినా దొరుకుతాయి కానీ వాటి జోలికి పోవద్దు. రాయి అరిగి పొడవుతుంది, ఆ పొడి అయస్కాంతానికి రాదు, కార్బొరేటర్ జెట్టులోకి మాత్రం భేషుగ్గా వస్తుంది.

బాత్రూం యాసిడ్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పావుగంటలో తుప్పు తింటుంది, ఆ తర్వాత ఆగదు, రేకును తింటుంది. బుడగలు రావడం చూసి పనిచేస్తోందని సంబరపడతారు. నిజానికి ఆ బుడగలు హైడ్రోజన్, అంటే మంచి ఇనుము కరుగుతోందని గుర్తు. పొగ ఊపిరితిత్తులకు, పక్కన పెట్టిన సామాన్లకు, పెయింటుకు అన్నిటికీ చేటు. బ్లీచింగ్ తగిలిందంటే క్లోరిన్ విషవాయువు వస్తుంది. ఎంత కడిగినా సందుల్లో మిగిలిన క్లోరైడు మర్నాటికే కొత్త తుప్పు మొదలెడుతుంది. త్వరగా పని తేలుతుందని కొన్ని షెడ్లలో ఇదే వాడతారు, మీ ట్యాంకుకు మాత్రం వద్దనండి.

కూల్‌డ్రింకులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మాట నిజం, కానీ చాలా పలచన, పైగా చక్కెర. ట్యాంకు నింపడానికయ్యే ఖర్చుకు అంతకన్నా మంచి మందు వస్తుంది. ఇత్తడి చెంబులు తోమే చింతపండుకూ యాసిడ్ బలం ఉంది, గుజ్జు వడకట్టే ఓపికే ఉండదు. వెనిగర్ పనిచేస్తుంది, రెండు రోజులు పడుతుంది, పది లీటర్ల సీసాలు కొనాలి. చెరకు మొలాసిస్‌ను ఒకటికి తొమ్మిది పాళ్ల నీటిలో కలిపి పోసి రెండు మూడు వారాలు వదిలేస్తే అది ఇనుముకు పెద్దగా హాని చేయకుండా తుప్పును విడదీస్తుంది. వాసన భరించగలిగితే, బండి లేకుండా గడిపే వీలుంటే మంచిదే. తుప్పు వదిలించే ఆ మొలాసిస్ నుంచే పెట్రోలులో కలిపే ఇథనాలూ తీస్తారు!

నేను ఓటు వేసేది నిమ్మ ఉప్పుకు. ఏ కిరాణా అంగడిలోనైనా దొరికే సిట్రిక్ యాసిడ్. థర్మల్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాలు శుభ్రం చేయడానికీ దీన్ని వాడతారు, కాబట్టి వంటింటి వస్తువని చిన్నచూపు అక్కర్లేదు. లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన పది లీటర్ల ట్యాంకుకు అర కిలో చాలు. ముందు సబ్బునీటితో జిడ్డు పోయేలా కడగాలి. జిడ్డు ఉన్నచోట యాసిడ్ అంటదు, చాలామంది ఈ మెట్టు దాటేసి మందు పనిచేయలేదంటారు. కాక్ రంధ్రాన్ని రబ్బరు ముక్క, రేకు పట్టీతో గట్టిగా మూయాలి. కాక్ ఉంచేసి పోస్తే దాని వాషర్లూ ఇత్తడీ పాడవుతాయి. చెయ్యి పెట్టగలిగేంత వేడి ఉన్న నీళ్లలో కలిపి మూత అంచుదాకా నింపాలి, ఎందుకంటే పైకప్పు తుప్పే అందరూ మరిచిపోయేది. మూత బిగించకూడదు. రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే నీళ్లు పసుపు-ఆకుపచ్చ రంగుకు తిరిగి, లోపల రేకు బూడిదరంగులో కనిపిస్తుంది. ఇంకా మచ్చలుంటే పాత నీళ్లు పారబోసి కొత్తవి ఇంకో పూట ఉంచవచ్చు. రోజుల తరబడి వదిలేస్తే ఇది కూడా రేకును తింటుంది. పెయింటు మీద ఒలికితే వెంటనే కడగాలి.

పెయింటు అంగళ్లలో రస్ట్ రిమూవర్ పేరుతో అమ్మే ద్రావణాల్లో చాలావాటిలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. నిమ్మ ఉప్పుకన్నా వేగం ఎక్కువ, పైగా రేకు మీద పలచని ఫాస్ఫేటు పొర వదిలి కొద్దికాలం రక్షణ ఇస్తుంది. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పవు.

కరెంటు పద్ధతి తెలిసినవాళ్ల చేతిలో అన్నిటికన్నా మెత్తటిది. నీళ్లలో చాకలి సోడా కలిపి నింపి, మూత నోట్లోంచి ట్యాంకుకు తగలకుండా ఒక ఇనుప కడ్డీ వేలాడదీసి, ఛార్జర్ మైనస్ ట్యాంకుకు, ప్లస్ కడ్డీకి ఇవ్వాలి. తారుమారైతే ట్యాంకే కరుగుతుంది. స్టెయిన్‌లెస్ కడ్డీ అస్సలు వాడకూడదు. అందులోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్లలోకి దిగుతుంది. మంచి ఇనుము తరగకపోవడం దీని గొప్ప. కడ్డీకి ఎదురుగా ఉన్న గోడలే శుభ్రమవడం, వంపు వెనక సందులకు అందకపోవడం దీని లోటు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, క్లిప్పులు తీసేముందు ప్లగ్గు పీకాలి.

ఏ మందు వాడినా అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. యాసిడ్ పారబోసి నీళ్లతో కడిగిన నిమిషాల్లోనే తెల్లబడిన రేకు మీద లేత నారింజ పొర మళ్లీ లేస్తుంది. తుప్పు పూర్తిగా పోలేదనుకుని మళ్లీ యాసిడ్ పోస్తారు, మళ్లీ అదే. అది పాత తుప్పు కాదు. నగ్నంగా మిగిలిన ఇనుము, తడి, గాలి కలిసి అప్పటికప్పుడు పుట్టించిన కొత్తది. కాబట్టి చేయాల్సినవన్నీ ముందే పక్కన సిద్ధంగా పెట్టుకుని ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేయాలి. రెండు మూడు చెంచాల తినే సోడా కలిపిన నీళ్లు పోసి ఊపాలి, నురగ వస్తుంది కాబట్టి మూత తెరిచే ఉంచాలి. ఒకటి రెండుసార్లు మంచినీళ్లు. వీలుంటే కాస్త స్పిరిట్ పోసి తిప్పి తీసేస్తే మిగిలిన తడిని పట్టుకుపోతుంది. ఆ తర్వాత హెయిర్ డ్రయ్యరో, బ్లోయరో పెట్టి ఎండబెట్టాలి. పెట్రోలు గానీ స్పిరిట్ గానీ వాసన ఉండగా వేడిగాలి పెట్టకూడదు, ముందు ఆరుబయట ఆవిరై పోనివ్వాలి. పంక్చరు షాపు గాలి పెట్టిస్తే చాలనుకుంటారు గానీ, కంప్రెసరు డబ్బాలో చేరిన నీళ్లను రోజూ వదలకపోతే ఆ గాలి తడినే చిమ్ముతుంది. అరచేతి మీద ఒకసారి కొట్టించుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఈ పని మార్చి నుంచి మే లోపు పెట్టుకోవాలని అందుకే అంటాను. ఆ నెలల్లో మన ఎండే బ్లోయరు. గాలిలో తేమ ఉండదు, రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, లోపలి తడి చూస్తుండగా ఆరిపోతుంది. అక్టోబరు ముసురులో మొదలుపెట్టినవాడు రోజంతా ఆరబెడుతూనే ఉంటాడు.

ఆరగానే అర లీటరు పెట్రోలులో రెండు మూడు మూతల 2టీ ఆయిలు కలిపి పోసి, ట్యాంకును అన్ని వైపులా తిప్పి, పైకప్పుకు కూడా అంటేలా చేయాలి. పాత ఎక్స్ఎల్ ట్యాంకు గుట్టు ఇదే. బండి వెంటనే వాడుకలో పెడితే నిండా పెట్రోలు కొట్టించాలి. మొదటి కొద్దివారాలు గొట్టంలో చిన్న ఇన్‌లైన్ ఫిల్టరు పెట్టి, అందులో ఎరుపు చేరుతోందేమో గమనించాలి.

లోపల ఎపాక్సీ కోటింగ్ వేయించడం మీద నాకు మంచి అభిప్రాయం లేదు. కోటింగ్‌లో తప్పు లేకపోవచ్చు, దానికి ముందు చేయాల్సిన శుభ్రత మామూలు షెడ్డులో కుదరదు. కాస్త తుప్పు, కాస్త జిడ్డు, కాస్త తడి మిగిలినా ఏడాది రెండేళ్లలో పొర లేచి పెచ్చులుగా కాక్‌లో ఇరుక్కుంటుంది. తుప్పు పొడి ఫిల్టరులో ఆగుతుంది, ఈ పెచ్చు నోరే మూసేస్తుంది. పైగా పాత రకం కోటింగులు కొన్ని ఇథనాల్‌కు మెత్తబడి కరుగుతాయి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో 10 శాతం ఇథనాల్ పెట్రోలు మామూలు పెట్రోలుగా మారినప్పుడు పాత బండ్లు దాచుకున్నవాళ్లకు పట్టుకున్న దిగుళ్లలో ఇదొకటి. మన దగ్గర ఉన్నది దానికి రెట్టింపు. కొత్త ట్యాంకు దొరకని పాత బండికి, అదీ ఈ20కి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న కోటింగ్ అయితేనే, ఆలోచించవచ్చు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో ఎక్కువభాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. చాలావాటిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. ఏ ద్రావణం పోసినా ముందు పంపు తీయాల్సిందే, దాని అడుగు రబ్బరు కొత్తది వేయాల్సిందే. కార్బొరేటర్ అయితే విప్పి ఊది బిగిస్తారు. ఇంజెక్టరులో తుప్పు చేరితే ఖర్చు వేరే రకంగా ఉంటుంది. కాబట్టి ఈ బండ్లవాళ్లు మూత రబ్బరు మీద ఇంకాస్త ఎక్కువ కన్నేసి ఉంచాలి.

రంధ్రం పడితే ఎం-సీల్ పెట్టి షెడ్డుదాకా రావచ్చు, అంతకు మించి నమ్మకూడదు. మాటు వేయించడం, గ్యాస్ వెల్డింగ్ చేయించడం కుదురుతుంది. కానీ ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, లోపల మిగిలిన పెట్రోలు ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది. వేడి సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, వెల్డింగ్ చేసే చోటు దాకా నీళ్లు నింపి, మూత తెరిచి పెట్టి చేసేవాడి చేతికే ఇవ్వండి. ఎండలో ఆరబెట్టాం, వాసన పోయింది, ఏం కాదు అనేవాడి దగ్గర నుంచి ట్యాంకు వెనక్కి తీసుకోండి. ట్యాంకు కడిగి పారబోసే యాసిడ్ నీళ్లు కుందూలోకో కేసీ కెనాల్‌లోకో వదలకండి. సోడాతో విరిచాక మొక్కలూ బావీ లేని మట్టిలో గుంట తీసి పోయండి.

షెడ్డుకు వెళ్లినప్పుడు రేటు అడిగేముందు, "అన్నా, మూత చుట్టూ ఉన్న రంధ్రంలో ఒకసారి సన్నటి తీగ పెట్టి చూడు, నీళ్లు పోస్తే కిందికి వస్తున్నాయా?" అని అడగండి. కిందికి నీళ్లు రాకపోతే ముందు ఆ గొట్టం శుభ్రం చేయించి, మూత రబ్బరు మార్పించండి. ఆ తర్వాతే నిమ్మ ఉప్పు. ఒకటికి మించి చోట్ల రేకు చెమ్మగిల్లుతుంటే మాత్రం కడగడానికీ మాటుకీ డబ్బులు పెట్టొద్దు. ఆ ట్యాంకు పాత ఇనుముకు వేసి, మార్కెట్‌లో దొరికే మోడల్ అయితే కొత్తది కొనడమే చవక.